ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆర్థిక విధానాలు, 1956 నుంచి విభజన దాకా: తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలకు రాష్ట్ర ఆర్థిక చరిత్ర చెబుతుంటాను. ఏ బ్యాచ్ వచ్చినా అవే సందేహాలు. హైటెక్ సిటీ ఎవరిది, ఉచిత కరెంటు తప్పా ఒప్పా, అంతా హైదరాబాద్‌లోనే ఎందుకు పెట్టారు. జవాబు చెప్పేలోపే క్లాసు రెండు పార్టీలుగా చీలిపోతుంది. అందుకే ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. చదివేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఒక ప్రభుత్వం మొదలుపెట్టిన పని ఫలితం చాలాసార్లు ఇంకో ప్రభుత్వం ఉన్నప్పుడు చేతికొస్తుంది. పేరు మాత్రం రిబ్బన్ కత్తిరించిన వాళ్లకు దక్కుతుంది.

## రాష్ట్రం ఏర్పడిన కొత్తలో

1956 నాటికి మన దగ్గర ఫ్యాక్టరీలే లేవా?

ఉన్నాయి, అయితే కొన్నిచోట్లే. నిజాం ప్రభుత్వం 1929లో ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ అని ఒక నిధి పెట్టి పరిశ్రమల్లో వాటాలు కొనేది. వరంగల్ ఆజంజాహీ మిల్లు, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ, సిర్పూర్ కాగితం మిల్లు, హైదరాబాద్‌లో ఆల్విన్, ప్రాగా టూల్స్ ఆ కాలంలో వచ్చినవే. సింగరేణి బొగ్గు అంతకుముందు నుంచే ఉంది. ఆంధ్ర ప్రాంతంలో విశాఖ ఓడల తయారీ కేంద్రం, నెల్లిమర్ల, చిట్టివలస జూట్ మిల్లులు, రాజమండ్రి కాగితం మిల్లు ఉండేవి. అవి మినహాయిస్తే అక్కడ బతుకంతా వ్యవసాయమే. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852కు, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855కు పూర్తయ్యాయి. ఆ కాలువల కింద వందేళ్ల పాటు పండిన వరి వల్ల డెల్టా రైతు చేతిలో కాస్త మిగులు చేరింది. రాయలసీమకు ఆ మిల్లులూ లేవు, ఈ కాలువలూ లేవు.

పెద్దమనుషుల ఒప్పందంలో డబ్బు సంగతి ఏముంది?

ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన ఆ ఒప్పందంలో మొదటి షరతే డబ్బు గురించి. ఉమ్మడి పరిపాలన ఖర్చును రెండు ప్రాంతాలూ దామాషాలో భరించాలి, తెలంగాణలో మిగిలిన ఆదాయాన్ని తెలంగాణ అభివృద్ధికే ఖర్చుపెట్టాలి. ఆ షరతు ఎందుకంటే, ఆంధ్రలో అప్పుడు మద్య నిషేధం ఉంది, తెలంగాణకు ఆబ్కారీ ఆదాయం బాగా వచ్చేది. కొత్త రాష్ట్రంలో చేరేటప్పటికి తెలంగాణ ఖజానాలో మిగులు ఉంది, ఆంధ్ర ఖజానాలో లోటు ఉంది. షరతు అమలు కాలేదన్న కోపమే 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమానికి ఒక పెద్ద కారణం. మిగులు ఎంతో లెక్క తేల్చడానికి లలిత్ కుమార్ కమిటీ, భార్గవ కమిటీ వేశారు. లెక్క ముందే ఏటేటా జనం ముందు పెట్టి ఉంటే గొడవ అంత దూరం వెళ్లేది కాదని నేను నమ్ముతాను.

మొదట్లో డబ్బంతా డ్యాములకే ఎందుకు పెట్టారు?

తిండిగింజల కొరత అప్పట్లో అసలు టెన్షన్. దేశం అమెరికా గోధుమల మీద ఆధారపడ్డ రోజులవి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. రెండు కాలువల కింద కలిపి సుమారు 22 లక్షల ఎకరాలకు నీళ్లివ్వాలన్నది లక్ష్యం. 1963లో గోదావరి మీద పోచంపాడు మొదలైంది, కృష్ణ మీద శ్రీశైలం కూడా ఆ ఏడాదే. సాగర్ నీళ్లూ, కొత్త వరి వంగడాలూ, ఎరువులూ దాదాపు ఒకేసారి రావడంతో గుంటూరు, కృష్ణా, నల్గొండ, ఖమ్మం జిల్లాల్లో పల్లెల రూపే మారింది. పోచంపాడు పనులు మాత్రం నత్తనడకన సాగాయి. రెండు ప్రాజెక్టుల మధ్య ఈ తేడాను తెలంగాణ రైతులు చాలాకాలం మర్చిపోలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. సాగర్ ముంపులో ఊళ్లు పోయినవాళ్లు ఉన్నారు, శ్రీశైలం ముంపులో అంతకంటే ఎక్కువ మంది ఉన్నారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆ కుటుంబాల మూడో తరం కూడా పరిహారం, ఉద్యోగం గురించి ఇంకా అడుగుతూనే ఉంది.

బీహెచ్‌ఈఎల్, ఐడీపీఎల్ లాంటివి రాష్ట్ర ప్రభుత్వం పెట్టినవేనా?

కావు, అవి కేంద్ర ప్రభుత్వ సంస్థలు. రాష్ట్రం భూమి, నీళ్లు, కరెంటు ఇచ్చింది. రామచంద్రాపురంలో భారీ విద్యుత్ యంత్రాల బీహెచ్‌ఈఎల్, బాలానగర్‌లో మందుల ఐడీపీఎల్, ఆ తర్వాత ఎలక్ట్రానిక్స్ తయారుచేసే ఈసీఐఎల్, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, క్షిపణుల బీడీఎల్, ప్రత్యేక లోహాల మిధాని అన్నీ పదిహేనేళ్లలోపే హైదరాబాద్ చుట్టూ వచ్చాయి. సముద్రానికీ సరిహద్దుకూ దూరంగా ఉండటం రక్షణ సంస్థలకు నచ్చింది. నిజాం కాలం నాటి సర్కారీ భూములు విశాలంగా ఉన్నాయి, రైలు ఉంది, విమానాశ్రయం ఉంది, ఉస్మానియా యూనివర్సిటీ ఉంది. రాజధాని కాబట్టి మంత్రుల దృష్టి కూడా అక్కడే ఉంది.

హైదరాబాద్‌కు ఇన్ని మందుల కంపెనీలు ఎక్కడివి?

మూలం ఐడీపీఎల్. సోవియట్ సాయంతో 1960ల్లో కట్టిన ఆ ఫ్యాక్టరీలో మందుల తయారీ చేతితో చేసి నేర్చుకున్న కెమిస్టులూ ఇంజనీర్లూ వందల్లో తయారయ్యారు. 1970 పేటెంట్ చట్టం మందు మీద పేటెంట్ తీసేసి, తయారీ పద్ధతికే పేటెంట్ ఉంచింది. అంటే అదే మందును వేరే పద్ధతిలో చేసుకోవచ్చు. చట్టం దారి ఇచ్చింది, ఐడీపీఎల్ పని నేర్పింది. అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి బయటికొచ్చి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. జీడిమెట్ల, పటాన్‌చెరు పారిశ్రామికవాడలు ఇలాంటి వాళ్లకు చోటిచ్చాయి. దాని మూల్యం పటాన్‌చెరు రైతులు కట్టారు. నక్కవాగు నీళ్లు రంగు మారి, పొలాలు పాడై, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఐడీపీఎల్ తర్వాత ఖాయిలా పడి మూతపడింది. ఫ్యాక్టరీ పోయినా అది నేర్పిన పని మిగిలింది.

విశాఖ ఉక్కు ఎవరు ఇచ్చారు?

జనం తెచ్చుకున్నారు. 1966లో "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" నినాదంతో తెలుగునాడంతా కదిలింది. కాల్పుల్లో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970లో కేంద్రం ఒప్పుకుంది, 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ప్రధానిగా పి.వి. నరసింహారావు 1992 ఆగస్టులో ప్లాంటును జాతికి అంకితం చేశారు. శంకుస్థాపనకూ అంకితానికీ మధ్య 21 ఏళ్లు. దీన్ని ప్రైవేటుపరం చేయాలని 2021లో కేంద్రం నిర్ణయించగానే విశాఖ మళ్లీ రోడ్డెక్కింది. సొంత ఇనుప గని లేకుండా అంత పెద్ద ప్లాంటు నడపమనడం మొదటి నుంచీ జరిగిన అన్యాయం అని నా అభిప్రాయం.

## 1970ల నుంచి 1995 దాకా

భూసంస్కరణలు మన రాష్ట్రంలో ఎందుకు పూర్తిగా జరగలేదు?

చట్టం గట్టిదే. పి.వి. ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు తెచ్చిన 1973 భూపరిమితి చట్టం ప్రకారం ఒక కుటుంబానికి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలకు మించి ఉండకూడదు. కానీ 1972 నుంచే అందరికీ ఈ సంగతి తెలిసిపోయింది. భూములు బంధువుల పేర్లకూ, పాలేర్ల పేర్లకూ మారిపోయాయి. తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకేనన్న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీద, ప్రత్యేక ఆంధ్ర కోరుతూ మొదలైన జై ఆంధ్ర ఉద్యమంలో భూస్వాముల అసంతృప్తి కూడా కలిసింది, 1973 జనవరిలో పి.వి. దిగిపోయారు. చట్టం అమల్లోకి వచ్చింది 1975 జనవరిలో. అప్పటికి మిగులుగా తేలినదాంట్లో చాలా భాగం రాళ్ల నేలే.

ఏపీఐఐసీ అసలు ఏం చేస్తుంది?

1973లో పెట్టిన ఈ ప్రభుత్వ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ భూమి సేకరించి, రోడ్లు, నీళ్లు, కరెంటు లైన్లు వేసి పరిశ్రమలకు ప్లాట్లుగా ఇస్తుంది. మీ ఊరి దగ్గర "ఇండస్ట్రియల్ ఏరియా" బోర్డు ఉంటే దాని వెనక ఉన్నది చాలావరకు ఇదే.

రెండు రూపాయల బియ్యం ఆర్థిక విధానమా, ఓట్ల పథకమా?

రెండూ. 1983లో ఎన్టీఆర్ గెలవడానికి అది తోడ్పడింది, అందులో దాచేదేం లేదు. ఐతే కిలో రెండు రూపాయలకు బియ్యం దొరికినప్పుడు కూలి ఇంట్లో ఏం మారుతుందో లెక్కపెట్టి చూడండి. కూలి డబ్బులో తిండికి పోయే భాగం తగ్గుతుంది, మిగిలింది పిల్లాడి చొక్కాకో, పలకకో, మందుకో వెళ్తుంది. పని లేని రోజున అప్పు చేయకుండా గడుస్తుంది. ఆకలి భయం లేని కూలీ రేటు అడగగలడు. మా ఇంట్లో కార్డు బియ్యమే తిన్నాం, కాబట్టి ఇది నాకు పుస్తకంలో చదివిన సంగతి కాదు.

ఖజానా మీద భారం కూడా నిజమే. అందుకే 1996లో ధరను రూ. 3.50 చేశారు, 2008లో మళ్లీ 2 రూపాయలకు తెచ్చారు, 2011లో రూపాయి చేశారు. ప్రభుత్వాలు మారినా పథకాన్ని ఎత్తేసే ధైర్యం ఎవరూ చేయలేదు.

మండలాలు పెట్టడం వల్ల ఆర్థికంగా ఏం ఒరిగింది?

ప్రభుత్వ ఆఫీసు దగ్గరికొచ్చింది. ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులు తీసేసి, పెద్ద తాలూకాలూ సమితుల స్థానంలో 1985–86లో చిన్న మండలాలు తెచ్చింది. మండలానికో ఎమ్మార్వో, ఎండీవో ఆఫీసులు వచ్చాక ఆ ఊళ్లలో బ్యాంకు, ఎరువుల కొట్టు, కాలేజీ, బస్టాండు ఒక్కొక్కటిగా వెలిశాయి. భూమి లెక్కలు ఒక కుటుంబం గుప్పిట్లోంచి బయటికి రావడం అన్నిటికంటే పెద్ద మార్పు.

మద్య నిషేధం ఎందుకు నిలబడలేదు?

నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం చదువుల నుంచి లేచిన ఆడవాళ్ల ఉద్యమం 1993లో సారాను ఆపించింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ పూర్తి నిషేధం పెట్టారు. ఎక్సైజ్ ఆదాయం పోయింది, దొంగ సరుకు సరిహద్దులు దాటి వచ్చింది, దానికి బదులు ఆదాయం ఎక్కడి నుంచి తేవాలో ముందుగా ఆలోచించలేదు. 1997లో ఎత్తేశారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఏ ప్రభుత్వం వచ్చినా సంక్షేమం ఖర్చులో ఒక భాగం మద్యం డబ్బు నుంచే వస్తోంది. ఆ ఆడవాళ్లు అడిగిన ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదు.

## సంస్కరణల కాలం, 1995–2004

ఒక రాష్ట్రం ప్రపంచ బ్యాంకు దగ్గర నేరుగా అప్పు తీసుకోవచ్చా?

కాగితం మీద అప్పు కేంద్రానిదే, అక్కడి నుంచి రాష్ట్రానికి వస్తుంది. కొత్తదనమేమిటంటే షరతులూ చర్చలూ రాష్ట్రంతోనే జరగడం. 1998లో ప్రపంచ బ్యాంకు ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్నిర్మాణ ప్రాజెక్టుకు 54 కోట్ల డాలర్లకు పైగా మంజూరు చేసింది. రోడ్లు, సాగునీరు, బడి, పోషకాహారం అందులో ఉన్నాయి. వాటితోపాటు సబ్సిడీల తగ్గింపు, నష్టాల్లో ఉన్న ప్రభుత్వ సంస్థల అమ్మకం కూడా ఉన్నాయి. నిజాం షుగర్స్ చేతులు మారింది ఆ ఊపులోనే. బోధన్ చెరకు రైతులూ కార్మికులూ ఆ దెబ్బ నుంచి ఇప్పటికీ తేరుకోలేదు.

కరెంటు బోర్డును ఎందుకు ముక్కలు చేశారు? బషీర్‌బాగ్‌లో ఏం జరిగింది?

బోర్డు నష్టం ఎక్కడ వస్తోందో తెలిసేది కాదు. రైతు మోటారుకు మీటరు లేదు, దొంగతనంగా పోయిన కరెంటును కూడా రైతు ఖాతాలో రాసేవాళ్లు. 1998 చట్టంతో 1999 ఫిబ్రవరిలో ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కో వచ్చాయి, 2000లో నాలుగు పంపిణీ సంస్థలు వచ్చాయి. రేట్లు నిర్ణయించేందుకు నియంత్రణ మండలి ఏర్పడింది. అప్పుడు దొంగతనాన్ని నేరంగా చూడటం, లెక్కలు బయటపెట్టడం మంచి పనులు.

కానీ 2000లో రేట్లు ఒక్కసారిగా పెంచారు. ఆగస్టు 28న అసెంబ్లీకి బయలుదేరిన జనం మీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు చనిపోయారు. ఆ సంస్కరణ గురించి మాట్లాడేటప్పుడు లెక్కలతోపాటు ఆ ముగ్గురినీ తలుచుకోవాలి. ఆ తర్వాత పాతికేళ్లలో రైతు కరెంటుకు రేటు పెంచే మాట ఎత్తడానికి ఏ నాయకుడూ సాహసించలేదు.

హైటెక్ సిటీ చంద్రబాబు ఒక్కరి వల్లే వచ్చిందా?

ఈ ప్రశ్న మీద క్లాసులో గొంతులు లేస్తాయి. సైబర్ టవర్స్‌ను ఎల్ అండ్ టీతో కలిసి కట్టించడం, 1998 నవంబరులో వాజ్‌పేయితో ప్రారంభింపజేయడం, మైక్రోసాఫ్ట్‌ను ఒప్పించి తేవడం, ట్రిపుల్ ఐటీ, ఐఎస్‌బీలకు భూములివ్వడం ఆయన చొరవతో జరిగినవి. బెంగళూరు, చెన్నై, ముంబై పోటీలో ఉండగా ఆ కంపెనీల చుట్టూ తిరిగిన ముఖ్యమంత్రి ఆయన. ఈ మెప్పు ఆయనకు దక్కాలి.

కానీ నేల అప్పటికే దున్ని ఉంది. ఈసీఐఎల్ 1960ల నుంచే కంప్యూటర్లు, ఎలక్ట్రానిక్స్ తెలిసిన మనుషులను తయారుచేసింది. అమీర్‌పేట మైత్రీవనంలో కేంద్రం పెట్టిన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కు 1990ల మొదట్లోనే పనిచేస్తోంది. ఎగుమతికి ఉపగ్రహ లింకు, పన్ను రాయితీ కేంద్రం ఇచ్చినవి. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలకు డబ్బు కట్టగలిగిన తల్లిదండ్రుల్లో సాగర్ కాలువ కింద వరి పండించినవాళ్లు ఎందరో ఉన్నారు. అమెరికా వెళ్లిన తెలుగు ఇంజనీర్లు అక్కడి నుంచి పని పంపించారు. తర్వాత వచ్చిన వై.ఎస్. ప్రభుత్వం ఔటర్ రింగ్ రోడ్డు, శంషాబాద్ విమానాశ్రయం పనులు ముందుకు తీసుకెళ్లింది. తెలంగాణ ప్రభుత్వం టీ-హబ్ పెట్టింది. ఒక్క పేరు చెబితే మిగతావాళ్లందరికీ అన్యాయం.

విజన్ 2020లో రాసినవి జరిగాయా?

2020 నాటికి రాష్ట్రం ఎలా ఉండాలో చెప్పే ఈ ప్రణాళికను చంద్రబాబు ప్రభుత్వం 1999 జనవరిలో మెకిన్సీ అనే కన్సల్టెన్సీ సాయంతో విడుదల చేసింది. సేవల రంగం, ఐటీ, ఫార్మా గురించి రాసింది చాలావరకు జరిగింది. వ్యవసాయం మీద బతికేవాళ్లను జనాభాలో 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలన్నది అందులో వివాదమైన మాట. భూమి వదిలిన మనిషి ఏ పనికి వెళ్లాలో అందులో స్పష్టంగా లేదు. 2001లో మెదక్ జిల్లాలో చిన్న రైతులు, దళిత మహిళలు 'ప్రజాతీర్పు' పేరుతో కూర్చుని, సాక్షులను పిలిచి విని, ఆ దారి మాకొద్దన్నారు. ఆ ఏళ్లలోనే కరువు, పత్తి నష్టాలు, బోర్ల అప్పులు కలిసి రైతుల ఆత్మహత్యలకు దారితీశాయి. 2004 ఎన్నికల ఫలితానికి అది ఒక ముఖ్య కారణం.

డ్వాక్రా ఏ ప్రభుత్వం పథకం?

డ్వాక్రా 1980ల మొదట్లో పల్లె ఆడవాళ్ల గ్రూపుల కోసం కేంద్రం పెట్టిన పథకం. సారా ఉద్యమం తర్వాత నెల్లూరు ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచడంతో ఇక్కడ ప్రాణం పోసుకుంది. చంద్రబాబు కాలంలో గ్రూపులు లక్షల్లో పెరిగాయి, 2000లో పేదరిక నిర్మూలన పథకం 'వెలుగు' మొదలైంది. వై.ఎస్. ప్రభుత్వం పావలా వడ్డీ ఇచ్చింది. నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి 3 శాతం. మన రాష్ట్రంలో పార్టీలకు అతీతంగా నిలిచిన ఆర్థిక సంస్థ ఏదైనా ఉందంటే నా లెక్కలో ఇదే.

## 2004 నుంచి విభజన దాకా

ఉచిత కరెంటు తప్పా?

2004 మే 14న ప్రమాణ స్వీకారం రోజునే వై.ఎస్. సంతకం చేశారు. కాలువ రైతుకు నీళ్లు దాదాపు ఉచితంగా వస్తాయి. బోరు రైతు తన డబ్బుతో బోరు వేసి, మోటారు కొని, కరెంటు బిల్లు కూడా కట్టాలి. తెలంగాణ, రాయలసీమ రైతులు ఎక్కువగా బోరు రైతులే. ఆ న్యాయం కోణం నుంచి చూస్తే ఉచిత కరెంటు సరైనదే. లోపం ఏమిటంటే భూగర్భజలం ఎంత తోడుతున్నామో ఎవరూ చూడలేదు, పంపిణీ సంస్థలకు ప్రభుత్వం ఇవ్వాల్సిన సబ్సిడీ సమయానికి ఇవ్వలేదు.

జలయజ్ఞంలో నీళ్లు వచ్చాయా, డబ్బే పోయిందా?

జలయజ్ఞం వై.ఎస్. ప్రభుత్వం పెట్టిన సాగునీటి కార్యక్రమం. అందులో 86 ప్రాజెక్టులు ఒకేసారి ఎత్తుకున్నారు. అనుమతులు, భూసేకరణ పూర్తికాక ముందే పనులు అప్పగించి అడ్వాన్సులు చెల్లించారని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తప్పుపట్టింది. అదంతా నిజమే. అదే సమయంలో దశాబ్దాలుగా కాగితాల్లో ఉన్న కల్వకుర్తి, నెట్టెంపాడు, హంద్రీ–నీవా లాంటి ఎత్తిపోతలు నేల మీదికి వచ్చింది కూడా అప్పుడే. ఇరవై మొదలుపెట్టి పూర్తిచేసి ఉంటే మేలు జరిగేదని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ ఇరవైలో తమ ఊరు లేదని తెలిస్తే ఏ జిల్లా ఒప్పుకునేదో చెప్పడం కష్టం.

ఆరోగ్యశ్రీ, ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల లాభపడింది పేదలా, ప్రైవేటు వాళ్లా?

ఇద్దరూ. పేదలకు ఉచితంగా పెద్ద వైద్యం చేయించే ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. గుండె ఆపరేషన్ కోసం పొలం అమ్ముకునే దుస్థితిని తప్పించింది. కాలేజీ ఫీజు ప్రభుత్వమే కట్టే పథకంతో ఇంట్లో మొదటి ఇంజనీరు అయినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. అదే డబ్బు కోసం ఇంజనీరింగ్ కాలేజీలు ఆరు వందలు దాటాయి, చాలావాటిలో పాఠం చెప్పేవాళ్లు లేరు. ప్రభుత్వ ఆసుపత్రికీ ప్రభుత్వ కాలేజీకీ అంత శ్రద్ధ దక్కలేదు.

అభివృద్ధి అంతా హైదరాబాద్‌లోనే ఎందుకు పెట్టారు?

ఏ ఒక్క ప్రభుత్వమూ అలా నిర్ణయం తీసుకోలేదు, అందరూ సులువైన దారి పట్టారు. అక్కడ ప్రభుత్వ భూమి ఉంది. భూమి అమ్మితే ఖజానాకు డబ్బు వస్తుంది, ఆ డబ్బుతో రోడ్డు వేస్తే పక్క భూమి ధర పెరుగుతుంది, మళ్లీ అమ్మవచ్చు. కోస్తా రైతు మిగులు, సినిమా డబ్బు, ఎన్నారై డబ్బు అన్నీ ఆ భూమిలోకే చేరాయి. విశాఖ, వరంగల్, తిరుపతిలో అదే పని చేయడానికి పదేళ్ల ఓపిక కావాలి. ఎన్నికలు ఐదేళ్లకే వస్తాయి. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయినప్పుడు ఆంధ్ర వైపు బాధ అంత లోతుగా ఉండటానికి ఇదే కారణం. తమ నేల మీద పెరిగిన నగరంలో తమ పిల్లలకు ఉద్యోగం లేదన్న తెలంగాణ యువకుడి బాధ కూడా ఇదే వేరు నుంచి వచ్చింది.

## విడిపోయాక

రెండు రాష్ట్రాలూ వేరే దారి పట్టాయా?

తెలంగాణకు నగరం మిగిలింది, కాబట్టి అనుమతుల వేగం మీద దృష్టి పెట్టింది. టీఎస్-ఐపాస్ చట్టంలో పెద్ద పరిశ్రమలకు 15 రోజుల గడువు పెట్టారు. 2018లో రైతుబంధు కింద ఎకరాకు పంటకు 4 వేలు నేరుగా ఇచ్చింది. అందులో కౌలు రైతును వదిలేయడం పెద్ద లోపం. ఆంధ్రప్రదేశ్ రాజధానితోనే మొదలుపెట్టాల్సి వచ్చింది. అమరావతికి రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూ సమీకరణలో ఇచ్చారు. 2019 తర్వాత మూడు రాజధానుల ప్రతిపాదనతో పనులు ఆగి, 2024 తర్వాత మళ్లీ మొదలయ్యాయి. భూమి ఇచ్చిన ఆ రైతులు మధ్యలో పోగొట్టుకున్న ఐదేళ్లు ఏ బడ్జెట్ లెక్కలోనూ కనిపించవు.

అనంతపురం లాంటి కరువు జిల్లాకు కియా కార్ల ఫ్యాక్టరీ ఎలా వచ్చింది?

2017లో చంద్రబాబు ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. బెంగళూరు, చెన్నై ఓడరేవు అందుబాటులో ఉండటం, పెనుకొండ దగ్గర హైవే పక్కన భూమి చదును చేసి ఇవ్వడం కలిసొచ్చాయి. అసలు అడ్డంకి నీళ్లు. ఫ్యాక్టరీకి నీళ్లిచ్చింది గొల్లపల్లి రిజర్వాయర్. దానికి నీళ్లు హంద్రీ–నీవా నుంచి, అంటే శ్రీశైలం వెనక జలాల నుంచి వస్తాయి. శ్రీశైలం 1963లో మొదలైంది. హంద్రీ–నీవా కాలువ తవ్వకం వై.ఎస్. కాలంలో ఊపందుకుంది. 2019 డిసెంబరులో ప్లాంటును ప్రారంభించింది జగన్. పెనుకొండ రైతులు ఇప్పుడు అడుగుతున్నది మాత్రం ఒకటే: కార్ల ఫ్యాక్టరీ దాకా వచ్చిన నీళ్లు పక్కనున్న తమ చెరువుకు ఎప్పుడొస్తాయని.